ఢిష్యుం తర్వాత సంగతి!

పోయిన నెల ఒక ఆదివారం మా అమ్మాయి ఒక కాయితం తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇక్కడ సంతకం పెట్టు నాన్నా!"

చూస్తే బాక్సింగ్ క్లాసులో చేరటానికి దరఖాస్తు. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం వుంది. 'శిక్షణలో దెబ్బలు తగిలితే పూర్తి బాధ్యత మాదే' అని. దాని కింద ఒక గీత. ఆ గీత మీద తండ్రి సంతకం!

మా అమ్మాయికి 14 ఏళ్ళు. 2022 మే నెలలో మన నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయిన రోజునుంచీ దీనికి ఈ పిచ్చి పట్టుకుంది. 2023లో ఢిల్లీలో నిఖత్ రెండోసారి గెలిచేసరికి పిచ్చి కాస్తా ముదిరింది. అద్దం ముందు నిలబడి గుద్దులు గుద్దటం, తలగడను చావబాదటం... ఇంట్లో దూది రేగని తలగడ లేదు!

వాళ్ళమ్మ వంటింట్లోంచే, "కరాటేలో చేర్పించండి, దెబ్బలు తక్కువ" అంది. మా బావమరిది, "జూడో అయితే అసలు దెబ్బలే వుండవు బావా, కింద పడటమేగా!" అన్నాడు. పక్కింటాయన మాత్రం, "ఏదైనా ఫర్వాలేదు గానీ ఆ బోనులో కొట్టుకునే ఎంఎంఏ వద్దండీ బాబూ, రక్తాలే రక్తాలు!" అని చెవులు మూసుకున్నాడు.

ముగ్గురూ సినిమాల్లో చూసిందే చెబుతున్నారు. వాళ్ళననటం దేనికి, నేనూ ఒకప్పుడు అంతే. ఆ కాయితం చూడగానే చెయ్యి ఆగిపోయింది. పెన్నుకు మూత పెట్టి, "వారం రోజులు గడువివ్వమ్మా" అన్నాను.

ఎందుకు ఆగిందో చెప్పాలంటే ముందు నా ముక్కు కథ చెప్పాలి.

ముక్కు విరిగితే మేలే!

1999లో 'తమ్ముడు' వచ్చినప్పుడు నాకు 17 ఏళ్ళు. విశాఖలో ఇంటర్మీడియట్ చదువుతున్నానని మా నాన్న అనుకునేవాడు. నేను మాత్రం 'తమ్ముడు' చదువుతున్నాను! పవన్ కళ్యాణ్ చేతివేళ్ళ మీదుగా కారు పోనిచ్చే ఆ ట్రైనింగు పాట కోసమే ఎన్నిసార్లు హాలుకు పరుగెత్తానో లెక్కలేదు. అన్న దెబ్బతిని మంచాన పడితే, తమ్ముడు గ్లోవ్స్ తొడుక్కుని రింగులోకి దిగుతాడు. ఇంక మనం ఆగుతామా? వెళ్ళి కిక్ బాక్సింగులో చేరిపోయాను.

ఆరో నెలలో ఎదుటివాడి కాలు వచ్చి తిన్నగా నా ముక్కు మీద దిగింది. తెల్ల బనీను ఎర్ర బనీను అయింది. ఆ వేషంతో ఇంటికెళితే మా అమ్మ గుమ్మంలోనే కూలబడింది. మర్నాడు పొద్దున్న నా గ్లోవ్స్ పాత సామాన్లవాడికి వెళ్ళిపోయాయి. మూడు వారాల్లో ముక్కు అతుక్కుంది. ఇప్పటికీ కాస్త ఎడమవైపు చూస్తుందనుకోండి, అది వేరే సంగతి. నా ఫైటింగు జీవితం అలా ముగిసిపోయింది.

అదే వీధిలో నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దయిన ఒకాయన వుండేవాడు. బాక్సరు. మేమంతా 'ఛాంపియన్ అన్న' అని పిలిచేవాళ్ళం. ఆయన సంచీ మొయ్యటానికి మాలో మాకు పోటీ! ఎన్ని పోటీల్లో దిగినా ఆయన ముఖం మీద గీత వుండేది కాదు. పళ్ళన్నీ వరసగా, ముక్కు నిటారుగా... సినిమా హీరోలా వుండేవాడు.

ఒకసారి ఒక పోటీలో రెండో రౌండులో ఎదుటివాడి ఎడమ హుక్కు వచ్చి అన్న దవడకు తగిలింది. మెడ గిర్రున తిరిగింది. అన్న కూలిపోయాడు. రిఫరీ లెక్కపెడుతున్నాడు. నేను తాళ్ళు పట్టుకుని గొంతు చించుకున్నాను.

"లే అన్నా! లే!"

ఎనిమిది లెక్కకు లేచాడు. చివరిదాకా నిలబడ్డాడు. పాయింట్ల మీద ఓడిపోయినా మేం భుజాల మీద ఎక్కించుకుని తీసుకొచ్చాం. అచ్చం క్లైమాక్సే! ఆ రాత్రి టీ కొట్టు దగ్గర అన్న నన్నడిగాడు, "ఒరేయ్, నేను గెలిచానా?" అని. చెప్పాను. అయిదు నిమిషాలాగి మళ్ళీ అదే అడిగాడు. ఇంకాసేపాగి మూడోసారి. మేం పడీపడీ నవ్వాం. వారం తిరక్కుండానే అన్న మళ్ళీ రింగులో వున్నాడు.

నా ముక్కులోంచి రక్తం వచ్చింది కాబట్టి మా అమ్మ ఆపేసింది. అన్నకు చుక్క రక్తం రాలేదు. కాబట్టి ఎవరూ ఆపలేదు!

కుండ పగలదు, నీళ్ళు అల్లాడతాయి

ఇప్పుడు అన్నకు యాభై దాటాయి. ఇల్లు మర్చిపోడు, మనుషుల్ని మర్చిపోడు. కానీ ఇందాక అడిగింది మర్చిపోతాడు. చెయ్యి సన్నగా వణుకుతుంది. బాక్సింగే కారణమని డాక్టరు చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఆ రకం మెదడు జబ్బును, ఇంగ్లీషులో సీటీఈ అంటారు, మనిషి పోయిన తర్వాత మెదడును పరీక్ష చేస్తే తప్ప ఖాయంగా తేల్చలేరట. కాబట్టి నేను ఆటను బోనెక్కించటం లేదు. నేను బోనెక్కించేది ఆ రాత్రి మేం నవ్విన నవ్వును.

ఈ సంగతి ప్రపంచానికి కొత్తదేం కాదు. హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికా డాక్టరు 1928లోనే, ఎన్నో ఏళ్ళు గుద్దులు తిన్న బాక్సర్లు తాగినవాళ్ళలా తూలటం గమనించి రాశాడు. మహమ్మద్ అలీ చివరి పోటీ 1981 డిసెంబరులో జరిగింది. 1984లో, 42 ఏళ్ళ వయసులో ఆయనకు పార్కిన్సన్స్ లక్షణాలున్నాయని చెప్పారు. అందులో గుద్దుల వాటా ఎంత అన్నదానిమీద డాక్టర్లు ఏకమాట మీద లేరు. కానీ 1996 అట్లాంటా ఒలింపిక్సులో జ్యోతి పట్టుకున్న ఆ చెయ్యి వణకటం ప్రపంచమంతా చూసింది. ఒకప్పుడు ఆ చెయ్యి కదిలితే కంటికి ఆనేది కాదు!

లోపల జరిగేది తెలుసుకోవటానికి పెద్ద చదువులక్కర్లేదు. నీళ్ళకుండ నెత్తిన పెట్టుకుని నడిచే మనిషిని గభాల్న పక్కకు తిప్పండి. కుండ పగలదు. లోపల నీళ్ళు మాత్రం అల్లాడిపోతాయి. పుర్రె కుండ, లోపల మెత్తటి మెదడు. దవడకు పక్కనుంచి దెబ్బ తగిలితే తల గిర్రున తిరుగుతుంది. ఆ తిరుగుడుకు మెదడులో వెంట్రుకకంటే సన్నని నరాల పోగులు సాగుతాయి, తెగుతాయి. పైకి బొప్పి కూడా కట్టదు.

మరి చేతులకు గ్లోవ్స్ వున్నాయిగా అంటారా? నేనూ అదే అనుకున్నాను. 1867 నాటి క్వీన్స్‌బెరీ నిబంధనలతో గ్లోవ్స్ తప్పనిసరి అయ్యాయి. కానీ గ్లోవు ముఖ్యంగా కాపాడేది కొట్టేవాడి వేళ్ళని! ఉత్త పిడికిలితో పుర్రెను గుద్దితే వేళ్ళే విరుగుతాయి. గ్లోవు వుంటే భయం లేకుండా తలకాయ మీద ఎన్నయినా కొట్టొచ్చు. తలకు తొడిగే హెడ్‌గార్డూ అంతే. చర్మం చిట్లకుండా ఆపుతుంది గానీ లోపలి కుదుపును పెద్దగా ఆపలేదు. పైగా పక్కచూపు తగ్గిస్తుంది. అమెచ్యూర్ బాక్సింగులో 2013లో పెద్ద మగవాళ్ళకు హెడ్‌గార్డు తీసేశారు. 2016 రియో ఒలింపిక్సులో వాళ్ళు ఉత్త తలలతోనే ఆడారు. ఆడవాళ్ళకు మాత్రం 2024 పారిస్ ఒలింపిక్సులో కూడా వుంది.

ఏ ఆటకు ఏ దెబ్బ?

ఆ వారమంతా సినిమా కబుర్లు కట్టిపెట్టి లెక్కలు చదివాను.

ముందు మా పక్కింటాయన భయపడ్డ ఎంఎంఏ. కెనడాలోని ఎడ్మంటన్‌లో 2000 నుంచి 2013 దాకా పోటీ అయిన వెంటనే డాక్టరు పరీక్ష చేసిన 1,181 మంది ఎంఎంఏ ఫైటర్లనూ, 550 మంది బాక్సర్లనూ పోల్చి చూశారు. ఏదో ఒక దెబ్బ తగిలినవాళ్ళు ఎంఎంఏలో నూటికి 59 మంది. బాక్సింగులో నూటికి 50 మంది. పక్కింటాయన గెలిచినట్టేగా? ఆగండి! స్పృహ తప్పినవాళ్ళు ఎంఎంఏలో నూటికి 4 మంది అయితే, బాక్సింగులో 7 మంది. అంటే బోనులో చర్మం ఎక్కువ చిట్లుతుంది. రింగులో మెదడు ఎక్కువ అదురుతుంది. కారణం ఆటలోనే వుంది. ఎంఎంఏలో పట్టు పట్టొచ్చు, పడెయ్యొచ్చు, మెడ బిగిస్తే చేత్తో తట్టి 'ఓడిపోయాను బాబూ' అని బయటపడొచ్చు. బాక్సింగులో తల అదిరినవాడు లేచి నిలబడితే మళ్ళీ అదే తల మీద కొట్టించుకోవాలి. మా అన్నకు జరిగింది అదే. అలాగని బోను పూలపాన్పేమీ కాదు. కింద పడ్డవాడి మీద రిఫరీ వచ్చేలోగా పడే గుద్దులు తక్కువేం కాదు.

టైక్వాండో చూడటానికి డాన్సులా వుంటుంది. శ్రీహరి గారి 'భద్రాచలం'లో మనం చప్పట్లు కొట్టిన ఆటే. కానీ 2012 లండన్ ఒలింపిక్సులో అన్ని ఆటల్లోకీ ఎక్కువగా దెబ్బలు తగిలింది ఈ ఆటలోనే. నూటికి 39 మందికి! 2016 రియోలో టైక్వాండోకు 24 మంది అయితే బాక్సింగుకు 30 మంది. అయితే ఈ అంకెల్లో ఒక తిరకాసు వుంది. మడమ బెణికినా ఒకటే, తల అదిరినా ఒకటే, లెక్కలో రెండూ 'దెబ్బ'లే. కాబట్టి ఎంతమందికి తగిలింది అని కాదు, ఎక్కడ తగిలింది అని అడగాలి. టైక్వాండోలో తలమీద తన్నితే ఎక్కువ పాయింట్లు. మరి తన్నకుండా ఎవరుంటారు?

ఇక మా ఆవిడ చెప్పిన కరాటే. పోటీ కరాటేలో ముఖం దాకా వెళ్ళి ఆగిపోవాలి, గట్టిగా తగిలిస్తే తప్పు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సు ఫైనల్లో తమాషా చూడండి. సౌదీ ఆటగాడు తారెగ్ హమేదీ కాలు ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదే తలకు తగిలింది. అతను స్పృహ తప్పి పడిపోయాడు. గట్టిగా తన్నినందుకు హమేదీని అనర్హుణ్ణి చేసి, పడిపోయినవాడికి స్వర్ణం ఇచ్చారు! ఏ సినిమాలోనైనా హీరో స్ట్రెచరు మీద పడుకుని గెలిచాడా? కానీ నాకు ఆ నియమం నచ్చింది. నియమం వున్నా తగలనే తగిలింది, అదీ గుర్తుంచుకోవాలి.

జూడోలో గుద్దుల్లేవు. మా బావమరిది మాట నిజమే. కానీ జపాన్‌లో 1983 తర్వాతి మూడు దశాబ్దాల్లో బడుల్లో జూడో నేర్చుకుంటూ వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఎక్కువగా తలకు తగిలిన దెబ్బలే కారణం. చాలామంది కొత్తగా చేరినవాళ్ళు. కిందపడటం నేర్పకుండానే వెల్లకిలా పడేస్తే తల వెనక్కి కొట్టుకుంటుంది. అదే ఫ్రాన్సులో జూడో ఆడే పిల్లలు ఇంకా ఎక్కువ, అక్కడ ఇలాంటి చావుల వరస లేదు. ఆట ఒకటే, నేర్పే పద్ధతి వేరు. ఈ ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

కుస్తీలో తలకు గుద్దుల్లేవు గానీ మోకాలికి, మెడకు, భుజానికి ప్రమాదం. చెవి నలిగి నలిగి గోబీపువ్వులా అయిపోతుంది. వినేశ్ ఫోగాట్ 2016 రియోలో మోకాలు దెబ్బతిని స్ట్రెచరు మీద వెళ్ళింది. అన్నిటికంటే కనిపించని దెబ్బ బరువు తగ్గించుకోవటం. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్ళు కొద్ది వారాల తేడాలో చనిపోయారు. ఎవరూ వాళ్ళను చాపమీద పడెయ్యలేదు. బరువు తగ్గాలని ఒంట్లో నీళ్ళన్నీ చెమటగా పిండేసుకున్నారు, అంతే. 2024 పారిస్‌లో వినేశ్ రాత్రంతా కష్టపడినా 100 గ్రాములు ఎక్కువ తూగి ఫైనల్ పోగొట్టుకుంది. దేశమంతా ఏడ్చింది. ఆ రాత్రి ఆమె ఒంటికి ఏమైందో ఆలోచించినవాళ్ళు ఎంతమంది?

హీరో తల విదిలిస్తే...

ఇప్పుడు మన సినిమా సంగతి. నేను సినిమాను తిట్టటానికి రాయటం లేదు. సినిమా లేకపోతే నేను లేను! కానీ ఒక్క లెంపకాయ మాత్రం వెయ్యాలి.

హీరో దెబ్బతిని పడతాడు. తెర మసకబారుతుంది. అమ్మో, చెల్లెలో, హీరోయినో కళ్ళముందు మెదులుతుంది. హీరో తల ఒక్కసారి విదిలించి లేస్తాడు. మనం ఈల వేస్తాం. 'రాకీ' నుంచి 'గని' దాకా ఇదే కదా! నిజానికి ఆ మసకే ప్రమాద సూచన. ఆ తల విదిలించటమే ఆట ఆపెయ్యాల్సిన గుర్తు. మనం ఈల వేసేచోట రిఫరీ ఈల వెయ్యాలి!

సినిమావాళ్ళకు ఈ సంగతి తెలియక కాదు. 1982 జూలైలో బెంగుళూరులో 'కూలీ' షూటింగులో ఒక ఉత్తుత్తి ఫైటులో బల్ల అంచు పొట్టకు తగిలి అమితాబ్ బచ్చన్ చావు అంచుదాకా వెళ్ళాడు. తెరమీద ఆ షాటు దగ్గర బొమ్మ ఆగిపోతుంది, ఇక్కడే దెబ్బ తగిలింది అని చెబుతుంది. 'రాకీ 4' షూటింగులో డాల్ఫ్ లండ్‌గ్రెన్ గుద్దుకు తను కొన్నాళ్ళు ఆసుపత్రి పాలయ్యానని స్టాలోన్ స్వయంగా చెప్పాడు. చొక్కా మీద రంగు పోసుకుని ఆడే ఆటలోనే ఇంత వుంటే, నిజం ఆటలో ఎంత వుండాలి?

1982 నవంబరులో కొరియా బాక్సరు కిమ్ డుక్ కూ, రే మాన్సినీతో 14వ రౌండు దాకా పోరాడి పడిపోయి, కొద్ది రోజులకు ప్రాణం విడిచాడు. ఆ తర్వాతే ప్రపంచ టైటిల్ పోటీలు 15 రౌండ్ల నుంచి 12కు దిగటం మొదలైంది. అతనూ లేచి లేచి నిలబడినవాడే. సినిమా అయితే గెలిచేవాడు.

సంతకం

వారం చివర మా అమ్మాయిని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. మూతి ముడుచుకుంది. "అయితే వద్దంటావు, అంతేగా!" అంది.

"వద్దనటం లేదు. పద, చూసొద్దాం" అన్నాను.

దరఖాస్తు ఇచ్చిన క్లాసుకే ముందు వెళ్ళాం. 'తలకు దెబ్బ తగిలితే ఏం చేస్తారండీ?' అని అడిగితే అక్కడి మాస్టారు పకపకా నవ్వి, "దెబ్బ తగలకుండా బాక్సింగేమిటి సార్! రెండ్రోజులు తల నొప్పెడుతుంది, సర్దుకుంటుంది" అన్నాడు. ఆ నవ్వు నేనెరుగుదును. టీ కొట్టు దగ్గర నవ్విన నవ్వే. నమస్కారం పెట్టి వచ్చేశాం.

రెండోచోట ఒక కోచమ్మ వుంది. అడక్కముందే చెప్పింది. మొదటి ఆరు నెలలూ ఎవరూ ఎవర్నీ కొట్టరు. నడక, తప్పుకోవటం, సంచీని గుద్దటం, అంతే. తర్వాత కూడా తలమీద గట్టి దెబ్బల స్పారింగు ఎప్పుడో గానీ వుండదు. ఎదిగే పిల్లల్ని బరువు తగ్గమని అడగదు. అన్నిటికీ మించి ఆమె దగ్గర ఒక నోటుబుక్కు వుంది. ఎవరి తలకు ఎప్పుడు దెబ్బ తగిలిందో తేదీతో సహా రాసి వుంది. పక్కన, డాక్టరు సరేననేదాకా 'రావద్దు' అని. అమెచ్యూర్ పోటీల్లో నాకౌట్ అయినవాళ్ళను కనీసం నెలరోజులు రింగుకు దూరంగా వుంచే నియమం ఎప్పటినుంచో వుంది. ప్రాక్టీసులో తగిలే దెబ్బకు మాత్రం రిఫరీ వుండడు, లెక్క వుండదు. ఆ లెక్క రాసే మనిషి నాకు దొరికింది.

నిఖత్ జరీన్ 2017లో భుజం దెబ్బతిని దాదాపు ఏడాది ఆటకు దూరమైంది. భుజం పూర్తిగా నయమయ్యాకే వచ్చింది. వచ్చాకే రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆగినవాళ్ళు ఓడిపోరు అని మా అమ్మాయికి చెప్పటానికి నాకు ఇంతకంటే మంచి కథ దొరకలేదు.

సంతకం పెట్టాను. పెట్టేముందు ఒక మాట తీసుకున్నాను. తలకు తగిలి కళ్ళు మసకేస్తే, ఒక్క క్షణమైనా సరే, తనే చెయ్యెత్తి ఆట ఆపెయ్యాలి. జనం 'లే, లే' అన్నా సరే. నేనన్నా సరే!

చేరేముందు రోజు సాయంత్రం దాన్ని ఛాంపియన్ అన్న ఇంటికి తీసుకెళ్ళాను. కాళ్ళకు దణ్ణం పెట్టింది. బాక్సింగ్ అనగానే అన్న కళ్ళలో వెలుగు వచ్చింది. లేచి నిలబడి, వణికే చేతులతోనే దాని రెండు చేతులూ పట్టుకుని చెంపల దగ్గర పెట్టాడు.

"చెయ్యి దించకు తల్లీ" అన్నాడు.

కాఫీ తాగాం. కాసేపాగి మళ్ళీ లేచి వచ్చి దాని చేతులు చెంపల దగ్గర పెట్టాడు.

"చెయ్యి దించకు తల్లీ."

చెప్పులేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి మూడోసారీ చెప్పాడు. మా అమ్మాయి ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే "అలాగే పెదనాన్నా" అంది.

ఈసారి ఎవరం నవ్వలేదు.